సినిమా హాల్లో సిమెంటు

మేడమీది వాటా,
ఎండలు ముదురుతున్న రోజులు

చెల్లాయికి,

నువ్వు పంపిన పుస్తకం చేరింది. పుస్తకం అనడం మాటవరసకే. చూడ్డానికి పెళ్ళి ఆల్బమ్‌లా ఉంది. అట్ట మీద తెల్లటి ఇల్లు, ముందు పచ్చగడ్డి, గడ్డి మీద నవ్వుతున్న మొగుడూ పెళ్ళామూ. ఆ ఇంటికి ఇటుక మోసినవాళ్ళలో ఒక్కరు కూడా ఫొటోలో లేరు. సిమెంటు కంపెనీ సంవత్సరం లెక్కల పుస్తకం ఇలాగే ఉంటుందని తెలుసు గనక ఆశ్చర్యపోలేదు.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్‌లో మనిద్దరం మాట్లాడుకుంటే మూడో మాటకి ఎవరో ఒకరం పెట్టేస్తాం. ఉత్తరమైతే చింపేలోపు సగమైనా చదువుతావు.

లోపల పెట్టిన చీటీ కూడా చూశాను. "అక్కయ్యా, కాలేజీవాళ్ళిచ్చిన డబ్బు బ్యాంకులో పడేసి మురగబెట్టకు. మా కంపెనీ షేర్లు కొను. మేం కొన్నాక మూడింతలైంది" అని. మా కంపెనీ అట. నువ్వు వాళ్ళ సిమెంటు అమ్మిపెట్టే డీలరువి తల్లీ. రైల్లో సీటు దొరికినంత మాత్రాన రైలు మనదైపోదు.

ఆ చీటీ నాకంటే ముందు మీ బావగారు చదివారు. అప్పట్నుంచీ ఇంట్లో ఇదే పాట. పేపర్లో షేర్ల పేజీ కళ్ళజోడు లేకుండా కూడా చదవగలుగుతున్నారు. "మా తమ్ముడు పదో తరగతి తప్పాడు, మూడంతస్తులు లేపాడు. మనం ఇంకా అద్దెవాటాలో కుళాయి ఎప్పుడొస్తుందా అని కాచుక్కూర్చున్నాం. వానొస్తే మెట్ల కింద మడుగులోంచి చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నాం" అన్నారు నిన్న. ఆయన 'మనం' అన్నప్పుడల్లా అర్థం 'నువ్వు' అని.

నా సంగతి నీకు తెలుసు. పాతికేళ్ళు పిల్లలకి జమాఖర్చులు చెప్పాక, ఆ చదువుకి ఇక గిరాకీ లేదని శాఖ మూసేసి, ఇంత డబ్బు చేతిలో పెట్టి ఇంటికి పంపారు. పింఛను లేదు. ఉన్నది ఇదొక్కటే. పోతే మళ్ళీ సంపాదించే వయసు కాదు. అందుకని కూర్చుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. ఫొటోలు వదిలేశాను.

అమ్మకాలు ఐదోవంతు పెరిగాయన్నారు. సంతోషం. కానీ డీలర్ల దగ్గర్నుంచి రావలసిన బాకీ రెట్టింపైంది. అంటే లాభం కాగితం మీద ఉంది, పైసలు పెట్టెలోకి రాలేదు. వాటాదారులకి పంచింది అప్పు తెచ్చి పంచారు. ఇక షేరు ధర. ఈ లాభమే నిజమనుకున్నా, ఇప్పుడు కొన్నవాడి డబ్బు లాభంగా తిరిగి రావడానికి నలభై ఏళ్ళు పడుతుంది. అప్పటికి నేనుండను. ఆ గడ్డి మీద నవ్వుతున్నవాళ్ళూ ఉండరు.

ఒక్కటే ప్రశ్న. సూటిగా చెప్పు. కంపెనీ నీకు పంపే సరుకు అమ్ముడుపోతోందా?

అక్కయ్య


కొట్టు నుంచి,
మధ్యాహ్నం

అక్కయ్యా,

నీ ఉత్తరం మీ మరిదికి పైకి చదివి వినిపించాను. "ఎదుటివాడు ఆవలిస్తే వదిన పేగులు లెక్కపెట్టేస్తుంది. బాగానే ఉంది. ఆ లెక్క ఇంటద్దె కడుతుందా" అని నవ్వాడు. కోపం తెచ్చుకోకు, ఆయన నోరు నీకు తెలుసుగా.

సరుకు అమ్ముడుపోతోందా అని అడిగావు. పోకపోతే మేడ ఎలా లేచిందే తల్లీ? కొట్లో బేరాలు ఊపిరాడనివ్వడం లేదు. పోయిన నెల కంపెనీవాళ్ళు డీలర్లందరినీ ఓడ ఎక్కించి తిప్పారు. ఆ ఓడ మీద ఈతకొలను కూడా ఉంది. చుట్టూ అంత సముద్రం పెట్టుకుని మళ్ళీ పైన ఇంకో నీళ్ళ తొట్టి. డబ్బున్నవాళ్ళకి నీళ్ళు కూడా వేరే కావాలి కాబోలు. ఫొటోలు పంపితే బావగారు బాగున్నాయన్నారు. నువ్వు మాత్రం ఉలకలేదు, పలకలేదు.

ఇంట్లో లిఫ్టు పెట్టించాం. అత్తయ్య రోజంతా పనిలేకపోయినా పైకీ కిందికీ తిరుగుతోంది. మీ వాటాలో ఉన్నప్పుడు మెట్లు దిగలేక కిటికీ దగ్గరే కూర్చునేది గదా పాపం. నేనేదో అనాలని అనడం లేదు, ఉన్న మాట చెప్తున్నా.

నువ్వు అడిగావు గనక చెప్తాను విను. సరుకు ఎంత వస్తోందంటే కొట్టు వెనక గోడౌను చాలడం లేదు. బజారు చివర మూతపడ్డ సినిమా హాలుందే, అది అద్దెకి తీసుకున్నాం. కుర్చీలన్నీ పీకించాం. గేటు దగ్గర్నుంచి తెర దాకా బస్తాలే. బాల్కనీలో కూడా. నువ్వు చదివిన పుస్తకాల్లో సినిమా హాలు నిండా సరుకున్న డీలరు ఎక్కడైనా ఉన్నాడా?

కంపెనీ ఆఫీసరు చూసి, "మేడమ్, ఈ జిల్లాకి మీరే హీరోయిన్" అన్నాడు.

మనలో మాట, నీకు కంపెనీ మీద అనుమానమేమీ లేదు. అంత చదివిన నువ్వు కింద ఉండిపోయావు, చదువులేని తోడికోడలు మేడెక్కింది. అదీ నీ బాధ. దానికి బాకీలనీ నలభై ఏళ్ళనీ ఎందుకంత డొంకతిరుగుడు? కడుపుమంట అని ఒక్క ముక్క రాస్తే పోయేదిగా.

కొను అక్కయ్యా. బావగారి ముఖం చూసైనా కొను.

నీ చెల్లాయి


మేడమీది వాటా,
కరెంటు లేని సాయంత్రం

చెల్లాయికి,

ఊపిరాడని బేరాల మధ్య ఇంత తీరిగ్గా ఉత్తరం రాశావు. అంటే ఆ మధ్యాహ్నమంతా కొట్లోకి ఎవరూ రాలేదన్నమాట.

సినిమా హాలు అన్నావు. ఆ మాట దగ్గర ఉత్తరం కింద పెట్టేసి కాసేపు వసారాలో తిరిగొచ్చాను. అమ్ముడుపోయే సరుక్కి హాలెందుకే? అమ్ముడుపోయేది ఒక లారీ దిగి ఇంకో బండెక్కుతుంది. కదలని సరుక్కే చోటు కావాలి.

జరిగింది నేను చెప్తాను, తప్పైతే దిద్దు. సంవత్సరం లెక్కలు ముగిసే నెలలో నువ్వు అడగని లారీలు వచ్చి నీ కొట్టు ముందు ఆగుతాయి. ఆఫీసరు దిగుతాడు. "మేడమ్, ఈ ఒక్క లోడూ దించుకోండి, డబ్బుదేముంది, తర్వాత చూసుకుందాం, ఓడ టికెట్టు మాత్రం మీదే" అంటాడు. నువ్వు దించుకుంటావు. ఆ పూటే వాళ్ళ పుస్తకంలో అది అమ్మకం అయిపోతుంది. నీ హాల్లో మాత్రం అది బస్తా.

ఎందుకు దించుకుంటావో కూడా చెప్పనా? వద్దంటే, పక్క వీధి డీలరు దగ్గర పోతున్న సరుకు నీ దగ్గర పోవడం లేదని ఒప్పుకున్నట్టవుతుంది. ఆ పక్క వీధివాడు కూడా నిన్ను చూసే దించుకుంటున్నాడు. ఎవరికి వాళ్ళు గోడౌను తలుపు మూసుకుని, ఇది నా ఒక్కడి చేతకానితనం అనుకుని, బయటికొచ్చి మీసం దువ్వుతున్నారు. మీ అందరి సిగ్గునీ కూడి, కింద గీత గీసి, వాళ్ళు దానికి లాభం అని పేరు పెట్టారు. ఈ కంపెనీలు మనుషుల చెమట పిండుకుంటాయని ఇన్నాళ్ళూ పత్రికలకి రాస్తూ వచ్చాను. సిగ్గు కూడా పిండుకుంటాయని నీ హాలు చెబితే తెలిసింది.

అసలు అంత సిమెంటు ఎందుకు మిగిలింది, ఆలోచించావా? ఇల్లు అక్కర్లేని మనిషి ఎవడు? ఇల్లు లేనివాడి దగ్గర డబ్బు లేదు. డబ్బున్నవాడికి ఇదివరకే మూడిళ్ళున్నాయి, రెంటికి తాళాలు. ఆ మూడిళ్ళవాడి నాలుగో ఇంటి మీద మీరు ఆశ పెట్టుకుని హాలు నింపారు. బట్టీ దగ్గర దుమ్ము మింగేవాడు మాత్రం రేకుల కింద పడుకుంటాడు. వాడు చేసిన సిమెంటు వాడు కొనలేడు. నీ అట్ట మీది బొమ్మలో ఇదంతా ఎక్కడా కనపడదు.

కడుపుమంట అన్నావు. ఉంది. ఎందుకు దాచాలి? లిఫ్టు ముందు నువ్వు నిలబడ్డ ఫొటో మీ బావగారు గోడకి తగిలించారు. ఏ మేకుకో తెలుసా? కాలేజీలో నాకు వీడ్కోలు ఇచ్చిన రోజు తీసిన ఫొటో మేకుకి. నాది ఇప్పుడు బీరువా మీద, గోడ వైపు తిరిగి ఉంది. రోజూ కాఫీ తాగుతూ నిన్ను చూడాలి నేను. మండకుండా ఎలా ఉంటుంది? అయితే కడుపు మండేవాళ్ళకి లెక్కలు రావని ఎవరన్నారు?

నేను కొనను. నువ్వు నీ దగ్గరున్నవి అమ్మెయ్. ఈ వారమే.

అక్కయ్య


ఇంటి నుంచి,
మూడో అంతస్తు

గౌరవనీయులైన అక్కయ్యగారికి,

మీ ఉత్తరం అందింది. మా హాలు గురించి, మా సిగ్గు గురించి, మా కొట్లోకి ఎవరు వస్తున్నారు ఎవరు రావడం లేదన్న దాని గురించి మీరు ఇంత శ్రద్ధ తీసుకున్నందుకు కృతజ్ఞతలు. పత్రికలకి రాస్తుంటారు కదా, మా సంగతి కూడా రాసుకోండి. పేర్లు పెట్టినా మాకేం అభ్యంతరం లేదు.

మీరు "అమ్మెయ్" అన్న నాటి నుంచి ఇవాళ్టికి షేరు ధర ఇంకా సగం పెరిగింది. లెక్కలు మీకు వచ్చు. కొనకపోవడం వల్ల ఎంత పోగొట్టుకున్నారో మీరే వేసుకోండి.

డీలర్ల సమావేశంలో నన్ను వేదిక మీదికి పిలిచారు. గాజు బొమ్మ ఒకటి ఇచ్చారు, బరువుగా ఉంది. నాలుగో అంతస్తు ఆలోచన కూడా ఉంది. మా ఆయన, "వదిన ఆ రోజే కొని ఉంటే ఈపాటికి సొంత గుమ్మంలో కూర్చునేది" అన్నారు. అత్తయ్య కూడా వింటోంది. "పెద్దదంతే. ఎదురొచ్చిన అదృష్టాన్ని కూడా ఆపి, ఎవరు నువ్వు, ఎందుకొచ్చావ్ అని అడుగుతుంది" అంది. ఇది నా మాట కాదు, ఆవిడ మాట. ఉన్నదున్నట్టు రాశాను.

మా దగ్గర షేర్లు ఉన్నాయా, అమ్ముకున్నామా అన్నది మా ఇంటి విషయం. మీరు దాని గురించి నిద్ర పాడుచేసుకోవద్దు.

బావగారికి నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
మీ మరిది భార్య


మేడమీది వాటా,
మొదటి వానలు

చెల్లీ,

'మీరు' అన్నావు. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో కూడా అనలేదు. మొదటి రోజే "అక్కయ్యా, నీ దువ్వెన ఇలా ఇవ్వు" అన్నావు. సరే, నా మాట కొంచెం కరుకే. మనసులో పెట్టుకోకు.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. మెట్ల కింద మడుగు మామూలే. అయినా మీ బావగారు హుషారుగా ఉన్నారు. మెట్లు చకచకా ఎక్కేస్తున్నారు. నిన్న నా ఫొటోకి కొత్త మేకు కొట్టారు.

ఒకటి రెండు సంగతులు అడుగుదామని. ఏం లేదు, చెప్పిన పాఠం కదా, తెలుసుకోవాలని కుతూహలం. అర్ధసంవత్సరం లెక్కలు ఎప్పుడు బయటపెడతారు? బోనస్ షేర్లు ఇస్తారని పేపర్లో రాశారు, మీ ఆఫీసరు ఏమన్నా అన్నాడా? హాల్లో బస్తాలు కొంచెమైనా కదిలాయా? వానలు వెనకపట్టాక కట్టుబడి పనులు పుంజుకుంటాయి కదా, అప్పుడు కదులుతాయిలే. నేనే కాస్త తొందరపడి రాశానేమో.

ఈ మధ్య ఇంకో ఆలోచన కూడా వస్తోంది. కంపెనీలని బయట నిలబడి తిట్టడం సుళువు. అదే వాటాదారుగా సభలోకి వెళ్ళి, కుర్చీలోంచి లేచి, "బట్టీ దగ్గర పనిచేసేవాడి ముక్కుకి కట్టుకోవడానికి గుడ్డయినా ఎందుకివ్వలేదు" అని అడిగితే పెద్దమనుషులు జవాబు చెప్పి తీరాలి. పోరాటం ఎప్పుడూ గేటు బయటే చెయ్యాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. సిద్ధాంతం మాటగా చెప్తున్నాను, అంతకుమించి ఏం లేదు.

మీ నాలుగో అంతస్తు ఎంతదాకా వచ్చింది? గచ్చు ఏ రంగు వేయిస్తున్నావు?

నీ అక్కయ్య


సినిమా హాలు మెట్ల మీద నుంచి,
వాన వెలిసిన పొద్దు

అక్కా,

పేపర్లో చూసే ఉంటావు. కంపెనీ అప్పు వాయిదా కట్టలేకపోయింది. డీలర్లు ఎవరూ బాకీ తీర్చలేదు, తీర్చడానికి సరుకు కదిలితే కదా. షేరు ఏ రోజుకారోజు పడుతూనే ఉంది. అమ్ముతానన్నా కొనేవాడు లేడట. ఆఫీసరు ఫోన్ ఎత్తడం మానేశాడు.

నిన్న బావగారు మీ మరిదికి ఫోన్ చేశారు. వానల గురించి మాట్లాడారు, అత్తయ్య మోకాళ్ళ గురించి మాట్లాడారు. చివరికి అసలు సంగతి చెప్పారు.

అక్కా, నువ్వు కొన్నావా? కాలేజీ డబ్బు మొత్తమా? కొనను అని నాకంత ఉత్తరం రాసి, నా 'మీరు' ఉత్తరం చేరగానే వెళ్ళి కొన్నావా?

నేనూ చెప్పాలి. హాలు సంగతి పట్టుకుని నువ్వు రాసిన ఉత్తరం చదివి, వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ, మనసులో నీతో పోట్లాడుతూనే ఉన్నాను. చివరికి ఉండబట్టలేక పక్క వీధి డీలరు దగ్గరికి వెళ్ళాను. "అన్నా, నీ గోడౌను ఓసారి చూపించు" అన్నాను. "తాళంచెవి ఇంట్లో ఉందమ్మా" అన్నాడు. అది ఆయన మొలతాడుకే వేలాడుతోంది. అప్పుడు నేనే ముందు చెప్పాను, నా హాలు నిండిపోయింది, గింజంత సరుకు కదలడం లేదని. ఆయన లేచి తలుపు తీశాడు. కప్పుదాకా బస్తాలు. "నీ దగ్గర పోతోందనుకున్నానమ్మా" అన్నాడు. "నీ దగ్గర పోతోందనుకున్నాను అన్నా" అన్నాను. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఇన్నాళ్ళూ నా ఒక్కదానికే వ్యాపారం చేతకావడం లేదనుకుని కుమిలిపోయాను అక్కా. ఇంట్లో మీ మరిదికి కూడా సగమే చెప్పాను.

ఆ వారమే షేర్లన్నీ అమ్మేశాం. మేడ మీద బ్యాంకు అప్పు ఉంది, నీకెప్పుడూ చెప్పలేదు. అది తీరింది. ఈ బస్తాల బాకీ గురించి కంపెనీతో ఇంకా గొడవ పడాలి, కానీ ఇల్లు మాత్రం నిలబడింది. నీ ఉత్తరం వల్లే నిలబడింది.

నీకు 'మీరు' అని రాసే నాటికి మా దగ్గర ఒక్క షేరు కూడా లేదు. ఆ మాట రాయబోయి మానేశాను. రాస్తే నువ్వన్నదే నిజమైందని ఒప్పుకున్నట్టు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఎవత్తో. ఇంకెవత్తో ఎందుకు, నేనే. నాలుగో అంతస్తు లేదు, ఏమీ లేదు. గచ్చు రంగు అడిగావు, ఏం చెప్పను?

నువ్వు కొంటావని కల్లో కూడా అనుకోలేదు. అంత ఖాయంగా చెప్పినదానివి. నీ మాట మీద నాకున్న నమ్మకం నీకు లేకపోయిందేం?

హాలు పైకప్పు కారింది. తెర ముందున్న బస్తాలన్నీ రాళ్ళయిపోయాయి. కాలితో తంతే కాలికే దెబ్బ.

నీకు ఎంత పంపమంటావో రాయి. మొహమాటపడకు.

చెల్లాయి


మేడమీది వాటా,
మబ్బుగా ఉంది

చెల్లాయికి,

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. నా లెక్క తప్పలేదు. రెట్టింపు బాకీ, అప్పు తెచ్చి పంచిన లాభం, నీ హాలు, అన్నీ నేను చెప్పినట్టే జరిగాయి. రేపు ఎవరైనా "పాపం, ఆవిడ తెలియక కొంది" అంటే నువ్వే గట్టిగా చెప్పాలి. నేను తెలిసే కొన్నాను.

"ఎంత పోగొట్టుకున్నారో వేసుకోండి" అన్నావు. వేశాను. నీ ఉత్తరం వెనకే వేశాను, పెన్సిలుతో. వచ్చిన అంకె చూస్తే ఒక లిఫ్టు ఖరీదంత ఉంది. తలెత్తితే గోడ మీద నువ్వూ నీ లిఫ్టూ. చెప్పులేసుకుని బ్రోకరు ఆఫీసుకి నడిచాను. దారంతా నాకు నేను పాఠం చెప్పుకుంటూనే ఉన్నాను, ఎందుకు కొనకూడదో. కౌంటరు దగ్గర సంతకం పెడుతూ కూడా చెప్పుకున్నాను. అంత మంచి పాఠం కాలేజీలో ఏనాడూ చెప్పలేదు.

ఈ బజారు దురాశ మీద నడుస్తుందని ఎన్ని వ్యాసాలు రాశాను. దురాశ ఉన్నవాడు కనీసం తన జేబు చూసుకుంటాడు. నేను నీ మేడ చూశాను. నాలాంటి వాళ్ళు వీధికొకరున్నంతకాలం ఆ కంపెనీలకి సిమెంటు తయారుచెయ్యాల్సిన పని కూడా లేదు, పక్కింటి ఫొటో ఒకటి పంపితే చాలు. మీ సిగ్గుని కూడి వాళ్ళు లాభం అని రాసుకున్నారు. దాన్ని రొక్కం ఇచ్చి కొనుక్కున్నది నా ఓర్వలేనితనం.

చూడు మన యవ్వారం. నా ఉత్తరాన్ని వెక్కిరిస్తూ నువ్వు నమ్మావు, ఒడ్డున పడ్డావు. నీ ఉత్తరాన్ని తిట్టుకుంటూ నేను నమ్మాను, మునిగాను. నువ్వు వదిలించుకున్న కాగితాలే తిరిగి తిరిగి నా చేతికొచ్చాయేమో, ఎవరికి తెలుసు.

డబ్బు పంపొద్దు. నీ డబ్బుతో నేను అద్దె కడితే ఆ వాటాలో నాకు ఊపిరాడదు. వీధి చివర ట్యూషన్ సెంటరు వాళ్ళు రమ్మన్నారు, ఒప్పుకున్నాను. మొదటి రోజు చెప్పడానికి ఉదాహరణ కూడా సిద్ధంగా ఉంది. నిన్న మీ బావగారు షేర్ల పేజీ చింపి అలమార అడుగున పరిచారు. నీ ఫొటో ఇంకా గోడ మీదే ఉంది. నేనే ఉంచమన్నాను.

వచ్చే నెల వాటాదారుల సభ. వెళ్తున్నాను. ఆ కాగితాలకి మిగిలిన విలువ అదొక్కటే, తలుపు దగ్గర చూపిస్తే లోపలికి రానిస్తారు. నీ హాలుదీ, పక్క వీధి అన్న గోడౌనుదీ ఫొటోలు పంపు. మిగతా డీలర్లని కూడా తలుపులు తియ్యమను. వాళ్ళ ఆల్బమ్ అట్ట పక్కన పెట్టి, లేచి నిలబడి అడుగుతాను. నువ్వూ వస్తానంటావు. నీకు షేర్లు లేవు కదా, గుమ్మం దగ్గరే ఆపేస్తారు. ఈ లోకంలో నేను దాటగలిగి నువ్వు దాటలేని గుమ్మం ఇదొక్కటి దొరికింది, నన్ను ఒక్కదాన్నే వెళ్ళనీ.

రాళ్ళయిన బస్తాలు ఓ పది ఏదైనా బండిలో వేసి పంపు. మెట్ల కింద మడుగులో వరసగా పడేస్తే చెప్పులు చేత్తో పట్టుకునే పని తప్పుతుంది.

ఇంతకీ అమ్మిన రోజు ధర ఎంతుంది?

వద్దు, రాయకు. రాసినా కవరు మీద మీ బావగారి పేరు రాయి, నేను విప్పను.

అక్కయ్య